కుర్చీలో తేనెటీగల కాపురం

ఆ ఇంట్లో ఇద్దరే మనుషులు. ఒకరు సర్దుతారు, ఇంకొకరు సర్దుకుపోతారు.

సర్దేది ఆవిడ. ఆవిడ ఉద్యోగమే అది. పెద్ద ఫర్నిచర్ షాపుల్లో ఉత్తుత్తి హాలు, ఉత్తుత్తి పడగ్గది, ఉత్తుత్తి భోజనాల గది ఉంటాయి చూశారా? మంచం మీద దుప్పటి ఉంటుంది గానీ కింద చెప్పులుండవు, అలమరలో పుస్తకాలుంటాయి గానీ వాటిలో కాగితాలుండవు. ఆ గదులన్నిటినీ వారం వారం కొత్తగా అమర్చడం ఆవిడ పని. పోయినవారం కిటికీ పక్కన చూసిన సోఫానే ఈవారం మూలన దీపం కింద కనిపిస్తే, కొనేవాడి కంటికి అది కొత్త సోఫా. ఈ కిటుకు ఆవిడ చేతులకి పట్టేసింది. షాపుకి షట్టరు పడినా ఆ చేతులకి షట్టరు పడదు. ఇంటికొచ్చి బల్ల అటు, బీరువా ఇటు, మంచం అడ్డంగా, మర్నాడు నిలువుగా.

సర్దుకుపోయేది సార్టరుగారు. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం ఆయనది. గళ్ళ చెక్క ముందు నిలబడి, ఏ వీధి ఉత్తరం ఆ వీధి గడిలోకి చూడకుండా విసరగలడు. గడియ తప్పినా గడి తప్పని మనిషి. అలాంటి మనిషికి సొంత ఇంట్లో లైటు స్విచ్చి తప్ప ఏదీ పెట్టిన చోట దొరకదు. స్విచ్చి గోడలో ఉంది కాబట్టి బతికిపోయింది. మంచం ఉందనుకుని నడుం వాల్చబోతే బీరువా నిలబెట్టి పలకరించేది. కుర్చీ ఉందనుకుని కూర్చుంటే నేల కూర్చోబెట్టుకునేది.

"నేల విడిచి సాము చేసేవాళ్ళని చూశాను గానీ, కుర్చీ విడిచి కూర్చునే మనిషిని మిమ్మల్నే చూస్తున్నానండీ" అని ఆవిడ చెయ్యి అందించి లేపేది.

అలా నడుంతో చదువుకుని చదువుకుని ఆయన ఒక పద్ధతి కనిపెట్టాడు. ఈ ఇంట్లో చోటు వెతకకూడదు, వస్తువుని వెతకాలి. ఆయనకో చేతుల కుర్చీ ఉంది. నీలం గుడ్డ, కుడిచేతి చెక్క మీద టీ గ్లాసు మచ్చ. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆ కుర్చీ ఎక్కడుందా అని చూడటం, ఎక్కడ కనిపిస్తే అక్కడ కళ్ళు మూసుకుని కూలబడటం. హాల్లో ఉంటే హాల్లో, వంటగదిలో ఉంటే వంటగదిలో. ఈ పద్ధతిని కాస్త గుర్తుపెట్టుకోవాలి. మున్ముందు జరిగినదంతా దాని మీదే కూర్చుని ఉంది.

ఇక తేనెటీగల సంగతి. తపాలా ఆఫీసు వెనక తుప్పుపట్టి పక్కన పడేసిన పాత పోస్టు డబ్బా ఒకటుంది. ఉత్తరాలు రావడం మానేసిన డబ్బాలోకి ఈగలు రావడం మొదలెట్టాయి. వాటిని తీసుకుపోవడానికి ఒకాయన వచ్చాడు. తేనెపెట్టెల వ్యాపారం ఆయనది కాబట్టి అందరూ పెట్టెలాయన అనేవాళ్ళు. ఆయన డబ్బా ముందు గొంతుక్కూర్చుని, పనిలో పనిగా ఒక మాటన్నాడు.

"ఇవి మైళ్ళకి మైళ్ళు పోయొస్తాయి. వచ్చేటప్పుడు మాత్రం సరిగ్గా ఈ కన్నంలోకే. పక్కన ఇలాంటి డబ్బాలు ఎన్ని పెట్టినా వాటి మొహం చూడవు."

సార్టరుగారి గుండె మైనంలా కరిగిపోయింది. ఉద్యోగమంతా చిరునామాలు తప్పే మనుషులతోనే గడిచింది ఆయనకి. ఇంటి నంబరు రాయరు, వీధి పేరు సగం మింగుతారు, ఇల్లు మారి కబురైనా చెయ్యరు. చదువూ సంధ్యా లేని ఈ ప్రాణికి ఒక్కసారి చూసిన చిరునామా ప్రాణం పోయేదాకా కంఠస్థం. పెట్టినచోట ఉండేదీ, పెట్టినచోటికి వచ్చేదీ ఒక్కటైనా ఇంట్లో ఉంటే ఎంత బాగుంటుంది అనిపించింది. "ఈ కాపురం నాకిస్తారా, మా పెరట్లో పెంచుకుంటాను" అన్నాడు.

పెట్టెలాయన ఎగాదిగా చూశాడు. "ఇస్తాను. కానీ ఇది చిన్న కాపురం. పనికెళ్ళే ఈగలు కొన్నే ఉన్నాయి. అవి పోయాయంటే లోపలున్న పిల్లలకి తిండి తెచ్చే దిక్కుండదు, రాణి ఉన్నా లేనట్టే. జాగ్రత్త."

ఆ విధంగా పెరటి గోడ పక్కన ఇనుప స్టాండు మీద ఒక చెక్కపెట్టె వెలిసింది. చీమలెక్కకుండా స్టాండు కాళ్ళ కింద నాలుగు గిన్నెలు, గిన్నెల్లో నీళ్ళు. గిన్నెలు ఎవరివో చెప్పక్కర్లేదు. సార్టరుగారు కుర్చీని నిమ్మచెట్టు కింద వేయించుకుని, అక్కణ్ణుంచి పెట్టెని చూస్తూ కూర్చునేవాడు.

ఆ పెట్టెని చూసి ముందు నవ్వింది పిట్టగోడ అవతలి టైలరు. ఆయన ఆవిణ్ణి అక్కయ్యా అంటాడు, ఆ వరసలో సార్టరుగారిని బావగారూ అంటాడు. బావగారన్నాక ఊరుకునే బావమరిది ఎక్కడైనా ఉంటాడా?

"పనిలేనివాడు ఈగలు తోలుకుంటాడంటారు. మీరేంటి బావగారూ, పనిగట్టుకుని తెచ్చుకున్నారు?"

"ఇవి తోలేవి కాదు, ఏలేవి. లోపల రాణి ఉంది."

"చూశారా?"

సార్టరుగారు చూడలేదు. అసలు ఆయనకేమీ తెలియడం లేదు. కాగితం మీద రాసినట్టు చెప్తే తప్ప ఒంటబట్టని మనిషికి పెట్టెలాయన సలహాలు అన్నం పెట్టి ఆకు లాగేసినట్టుండేవి. పెట్టెని నీడలో ఉంచాలి, ఎండ తగలాలి. తిండి లేకపోతే చక్కెరనీళ్ళు పెట్టాలి, పెట్టి అలవాటు చెయ్యకూడదు. తెరిచి చూస్తుండాలి, ఊరికే తెరవకూడదు. రాణి ఉందో లేదో కనిపెట్టుకుని ఉండాలి, రాణి కోసం వెతకకూడదు.

"వెతకకుండా ఎలా కనిపెట్టాలండీ?" అని ఫోన్‌లో అడిగితే, "గుడ్లు కనిపిస్తే రాణి ఉన్నట్టు" అన్నాడు పెట్టెలాయన.

"గుడ్లు కనిపించకపోతే లేనట్టా?"

"ఉండొచ్చు. మీకు కనిపించకపోవచ్చు."

"అయితే ఏం చెయ్యమంటారు?"

"చూసి చెయ్యండి."

చూడటానికి వలటోపీ కావాలి. ఆ పని టైలరు తీసుకున్నాడు. పాత దోమతెర చింపి, పెద్ద అంచు టోపీ చుట్టూ వేలాడదీసి, దర్జాగా కుట్టుకొచ్చాడు. మెడ దగ్గర ఎలాస్టిక్ మాత్రం వెయ్యలేదు. కోటు కుట్టే అలవాటులో గాలాడాలి కదా అని వదిలేశాడట. సార్టరుగారు అది తగిలించుకుని, పొగడబ్బాలో పీచు ముట్టించి, పెట్టె మూత తీశాడు. గాలాడటానికి వదిలిన సందులోంచి ఈగ ఆడుకుంటూ లోపలికి దూరింది. ఆయన పెరడంతా ఒక చుట్టు చుట్టొచ్చేసరికి ఎడమ చెవి వంకాయంత అయ్యింది.

"నువ్వు కుట్టడం వల్లే అది కుట్టింది" అన్నాడు చెవి పట్టుకుని.

"నేను కుట్టాక ఒక్కటైనా ఊడిందా బావగారూ? దాని కుట్టే నయం, పూట తిరిగేసరికి ఊడిపోతుంది" అన్నాడు టైలరు. అన్నాడు గానీ ఆ సాయంత్రమే మెడకి ఎలాస్టిక్ వేసిచ్చాడు.

పొగ సంగతీ అంతు చిక్కలేదు. మనుషులకి పొగబెడితే ఇల్లు వదిలిపోతారు, ఈగలకి పొగబెడితే నెమ్మదిగా ఇంట్లోనే ఉంటాయట. మూత తీసిన ప్రతిసారీ సార్టరుగారు లోపల ఈగలు పట్టు కట్టుకున్న చెక్క చట్రాలన్నీ బయటికి లాగి, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి రాణి కోసం గాలించేవాడు. ఈగలన్నీ ఒక్కలాగే ఉండేవి. ఉత్తరమైతే బిళ్ళ ఉంటుంది, ముద్ర ఉంటుంది. దీని నెత్తిన కిరీటమైనా లేదు.

"రాణీ, రాణీ అంటారు, ఎప్పుడూ బయటికి రానిదాన్ని పట్టుకుని" అంది ఆవిడ తలుపు వెనకనుంచి. ఆవిడ పెట్టె దగ్గరికి వచ్చేది కాదు. "ఇంతకీ అందులో పని చేసేవాళ్ళెవరు?"

"అందరూ ఆడవాళ్ళేనట."

"మగవి?"

"తింటాయట. తిరుగుతాయట. మళ్ళీ వచ్చి తింటాయట."

"దాన్ని చూడ్డానికి పెట్టె కొనుక్కోవాలా?" అని ఆవిడ లోపలికెళ్ళిపోయింది. కాసేపటికి లోపల బల్ల జరుగుతున్న చప్పుడు వినిపించింది.

ఇన్ని అయోమయాల మధ్య ఒక్కటి మాత్రం ఆయనకి అర్థమయ్యేది. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి నిమ్మచెట్టు కింద కూర్చుంటే, ఎండలోంచి ఒక్కొక్క ఈగా పసుపు ముద్దలు కాళ్ళకి తగిలించుకుని వచ్చేది. గాల్లో ఒక్క క్షణం ఆగి, గుమ్మం చూసుకుని, తిన్నగా లోపలికి. ఒక్కటీ గడి తప్పేది కాదు. ఆయన చేతివేళ్ళు ఒళ్ళో వాటంతటవే ఉత్తరాలు విసురుతున్నట్టు కదిలేవి.

ఎండలు ముదిరాయి. ఒకరోజు ఈగలు లోపల ఉండకుండా గుమ్మం బయటికొచ్చి, పెట్టెకి గడ్డం పెరిగినట్టు గుత్తులుగా వేలాడాయి. ఆయనకి భయం పట్టుకుంది. ఫోన్ చేశాడు.

"ఎండ కావచ్చు" అన్నాడు పెట్టెలాయన. "ఇరుకు కావచ్చు. ఊరికే చల్లగాలికి కూర్చుని ఉండొచ్చు."

"వెళ్ళిపోతాయా?"

"వెళ్ళిపోవచ్చు. ఉండిపోవచ్చు."

ఆ రాత్రి అన్నం ముందు ఆయన ముద్ద కలపడం మర్చిపోయాడు. "ఆ చెట్టు నీడలో పెట్టి ఉంటే బాగుండేదేమో" అన్నాడు, ఎవరితోనో కాదు, పళ్ళెంతో. "పాపం, గోడకి కాగిపోతున్నాయి. వెళ్ళిపోతే నేనింక ఏదీ పెంచను."

ఆవిడ విని ఊరుకుంది. అంటే, అప్పటికి ఊరుకుంది.

మర్నాడు ఆవిడకి సెలవు, ఆయనకి డ్యూటీ. అలాంటి రోజున ఇంట్లో ఏం జరుగుతుందో ఆ ఇంటి గోడలన్నిటికీ తెలుసు.

సాయంత్రం సార్టరుగారు పెరటి గుమ్మంలోకొచ్చేసరికి ఆయన బుర్రంతా దారిపొడుగునా తిప్పిన ప్రశ్నలతో నిండి ఉంది. పెట్టె మీద తడిగోనె వెయ్యాలా, వేస్తే చెమ్మ పడుతుందా, గోడ మీద నీళ్ళు చల్లాలా? కాళ్ళు మాత్రం తమ అలవాటున నీలం కుర్చీని వెతికాయి. కుర్చీ కనిపించింది. కళ్ళు మూసుకుని కూలబడ్డాడు.

కళ్ళు తెరిచేసరికి మోకాలి మీద ఒక ఈగ. దాని పక్కన ఇంకొకటి. చొక్కా జేబు మీద నాలుగైదు, మోచేతి కింద గుంపు, కుర్చీ వీపుకి ఆనుకుని ఇంకా పెద్ద గుంపు. మొహం ముందు గాలంతా ఈగలు, అటూ ఇటూ ఊగుతూ, దిగబోయి ఆగుతూ, ఆగి మళ్ళీ లేస్తూ. కుట్టడం లేదు. కోపంగానూ లేవు. ఏదో పోగొట్టుకున్నట్టుగా ఆయన ఒళ్ళంతా తడుముతున్నాయి.

వెళ్ళిపోతున్నాయి, వెళ్ళే ముందు చెప్పి పోవడానికొచ్చాయి అనుకున్నాడు ముందు. తర్వాత, చెప్పి పోయేటంత పరిచయం ఎక్కడిది, రాణి మొహమే తెలియదే అనుకున్నాడు. ఆ తర్వాత, పెట్టె ఎటుపోయింది అనుకున్నాడు. ఎదురుగా చూశాడు. నిమ్మచెట్టు కింద, రోజూ తను కూర్చునే చోట, ఇనుప స్టాండూ, నాలుగు గిన్నెలూ, గిన్నెల్లో నీళ్ళూ సహా పెట్టె నిలబడి ఆయన్నే చూస్తోంది.

అయితే తను ఎక్కడున్నాడు?

"ఏమోయ్" అన్నాడు, పెదవులు కదపకుండా.

ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "చూశారా? నీడ, నీడ అని కలవరించారు కదా. మీ చోట పెట్టె, పెట్టె చోట మీ కుర్చీ. లోపలున్నవి బయటికి రాకుండా కన్నానికి తడిగుడ్డ కుక్కి, కాళ్ళ కింద దుప్పటి వేసి లాగాను. దుప్పటి వేస్తే బీరువా అయినా చెప్పినట్టు వింటుంది. మళ్ళీ గుడ్డ తీశాను కూడా." అప్పుడు చూసింది ఆయన్ని. వెలుగు ఆరిపోయింది. "అదేంటండీ, మీ మీద అలా వాలాయి?"

"అదే అడుగుతున్నాను. ఎప్పుడు జరిపావు?"

"పొద్దున్న. అవన్నీ పనికి వెళ్ళాకే. మీరు డ్యూటీకి వెళ్ళాకే కదా నేను ఇల్లు సర్దేది? అలాగే ఇవీ వెళ్ళాక సర్దాను. ఇంట్లో జనం ఉండగా ఎవరైనా సర్దుతారా?"

ఆవిడ లెక్కలో తప్పు ఎక్కడుందో ఆయనకి వెంటనే తోచలేదు. షోరూము కూడా కొనేవాళ్ళు లేనప్పుడే సర్దుతారు మరి. అలికిడి విని పిట్టగోడ మీదికి టైలరు తల లేచింది.

"మొగుడి మీద ఈగ వాలనివ్వని ఇల్లాలివి కదా అక్కయ్యా, ఏంటిది?"

"నువ్వు నోరు మూసుకుని ఆ వలటోపీ తగిలించుకుని ఇటు రా. కాదు, టోపీ నేనే పెట్టుకుంటాను, నువ్వు పెట్టెలాయనకి ఫోన్ చెయ్యి" అంది ఆవిడ.

ఫోన్‌ని పిట్టగోడ మీద నిలబెట్టి గొంతు పెద్దది చేశారు. పెట్టెలాయన విషయం విన్నాడు. మామూలుగా ఉండొచ్చు, కావచ్చు అని మొదలెట్టేవాడు ఈసారి అలా అనలేదు.

"ఎంత దూరం జరిపారు?"

"చెట్టు కిందికి. నాలుగంగలు" అంది ఆవిడ.

"అదే తప్పు. అడుగు జరపొచ్చు. లేదా నాలుగు మైళ్ళు తీసుకుపోవచ్చు. మధ్యలో జరపకూడదు."

టైలరు ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు, మాట తిరగబడి వచ్చిందేమోనని. "నాలుగు మైళ్ళు దగ్గరా, నాలుగంగలు దూరమా? టేపు మీదే నమ్మకం పోయేలా ఉందండీ."

"దూరం తీసుకుపోతే కొత్త చోటని తెలుస్తుంది, చుట్టూ చూసుకుని కొత్త దారి నేర్చుకుంటాయి. దగ్గరే అయితే పాత దారే కదా, చూడకుండా పాత చోటికే వచ్చేస్తాయి. ఇప్పుడు అక్కడ ఇల్లు లేదు. చీకటి పడేలోపు లోపలికి చేరకపోతే బయటే ఉండి చస్తాయి. పనికెళ్ళేవి పోతే ఆ పెట్టె నిలవదు. ముందే చెప్పాను."

చూడకుండా పాత చోటికే. ఇన్నాళ్ళుగా ఆయన చెప్పినవాటిలో సార్టరుగారికి సూటిగా గుచ్చుకున్న మాట ఇదొక్కటే. పక్క వీధికి ఇల్లు మారినవాడి ఉత్తరం ఎప్పుడూ పాత గుమ్మంలోనే పడేది. పై ఊరికి మారినవాడిదైతే చిరునామా కొత్తగా చదివి పంపేవాళ్ళు. ఒళ్ళంతా వాలిన ఈగల్ని చూసుకున్నాడు. చేరని ఉత్తరాలు. ఒక్కదానికీ ఇల్లు మారినట్టు కబురు లేదు.

"అయితే ఏం చెయ్యమంటారు?" అన్నాడు.

"మీరు కదలకండి. మీ కింద, వెనక ఉన్నవి నలిగితే మిగతావన్నీ కుడతాయి. పెట్టెని మళ్ళీ పాత చోట పెట్టించండి."

"పాత చోట్లో నేనున్నాను."

"లేవండి మరి."

"కదలొద్దన్నారు."

ఫోన్‌లో పెట్టెలాయన దగ్గాడు. "అయితే మీ మీదే పెట్టించండి. గుమ్మం ఇదివరకు ఎటు చూసేదో అటే చూడాలి."

ఆవిడ వలటోపీ నెత్తిన పెట్టుకుంది. అన్నాళ్ళూ తలుపు వెనకనుంచి తప్ప చూడని మనిషి, చీర కొంగు బిగించి తిన్నగా నిమ్మచెట్టు కిందికి నడిచింది. తడిగుడ్డ మళ్ళీ కుక్కింది. టైలరు నెత్తిన ఇంకేం దొరక్క మిగిలిన దోమతెర ముక్క కప్పుకుని, ఎవరి పెళ్ళికూతురో దారి తప్పి వచ్చినట్టు పిట్టగోడ దిగాడు. ఇద్దరూ చెరోపక్కా పట్టారు.

"వంచొద్దు, నిలువుగా. అద్దాల బీరువా మోస్తున్నావనుకో" అంది ఆవిడ.

"అద్దాల బీరువా కుట్టదు కదా అక్కయ్యా."

"మాట్లాడకుండా అడుగెయ్యి."

దగ్గరికొచ్చాక ఆవిడ తువ్వాలు మడత అంచుతో ఆయన తొడల మీది ఈగల్ని నెమ్మదిగా పక్కకి జరిపింది. వస్తువుని జరిపినట్టు కాదు, నిద్రపోయే పిల్లల్ని జరిపినట్టు. తువ్వాలు ఒళ్ళో పరిచి, దాని మీద పెట్టె దించారు. ఎత్తు ఇంచుమించు సరిపోయింది. స్టాండు చెయ్యాల్సిన పని ఇప్పుడు సార్టరుగారు చేస్తున్నాడు. కాళ్ళ కింద గిన్నెలు లేవు, అంతే తేడా.

గుడ్డ తీశారు. ఏమీ జరగలేదు.

ఎండ గోడ మీద పైపైకి ఎక్కుతోంది. ఈగలు అలాగే గాల్లో ఊగుతున్నాయి. ఆయన ఊపిరి పెట్టెకి తగిలి వెనక్కొస్తోంది. లోపలి రొద కడుపులో ఆకలిలా వినిపిస్తోంది. "రావేమో" అన్నాడు. "పొద్దుటినుంచి తిరుగుతున్నాయి. విసిగిపోయి ఎటైనా పోయుంటాయి."

ఆవిడ బకెట్టు బోర్లించుకుని ఆయన పక్కనే కూర్చుంది.

అప్పుడు లోపలినుంచి ఒక ఈగ గుమ్మం అంచుకొచ్చింది. తల లోపలికి, తోక పైకి పెట్టి, రెక్కలు కనబడనంత వేగంగా ఆడించింది. ఇంకొకటొచ్చి దాని పక్కన నిలబడింది. ఆ పక్కన మరొకటి. నిమ్మతొక్క నలిపినట్టు సన్నగా ఏదో వాసన, ఇల్లు ఇక్కడే అని బయటివాటిని పిలుస్తున్నట్టు. చొక్కా జేబు మీద ఉన్న ఈగల్లో ఒకటి ఆగింది, అటు తిరిగింది. గుండీలు లెక్కపెట్టుకుంటున్నట్టు చొక్కా మీదుగా దిగి, తువ్వాలు దాటి, చెక్క ఎక్కి, గుమ్మంలోకి వెళ్ళిపోయింది. దాని వెనక ఇంకొకటి. మోచేతి కింద గుంపు కదిలింది. కాసేపటికి ఆయన ఒళ్ళే ఒక వీధి అయ్యింది, ఆ వీధిలో అందరూ ఇళ్ళకి పోతున్నారు.

"చక్కిలిగింత" అన్నాడు.

"నవ్వకండి. పెట్టె కదులుతుంది."

ఆయన నవ్వు మింగాడు. ఆవిడ, వల వెనకనుంచి, "పాత చోటికే ఎందుకొస్తాయండీ? పెట్టె ఎదురుగా కనిపిస్తూనే ఉందిగా" అంది.

"నేనూ అంతే కదా. కుర్చీ ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది. పాత చోటే కూర్చునేవాణ్ణి."

"మీరెప్పుడూ చెప్పలేదు."

"పడ్డప్పుడల్లా చెప్పాను."

"అది పడటం. చెప్పడం కాదు." ఆవిడ ఆయన మోచేతి మడతలో చిక్కుకున్న ఒక ఈగని వేలితో పైకి దారి చూపించింది. "నేను లేపేదాన్ని కదా అనుకున్నాను."

పిట్టగోడ మీద కూర్చున్న టైలరు, వాళ్ళకి వీపు తిప్పి దోమతెర ముక్క మడతపెట్టడం మొదలెట్టాడు.

చీకటి పడేసరికి బయట ఒకటీ అరా తప్ప మిగల్లేదు. గుడ్డ కుక్కి, ఇద్దరూ పెట్టెని చిటికెడంత పైకెత్తితే, ఆయన కవరులోంచి ఉత్తరం జారినట్టు కింద నుంచి జారాడు. కాళ్ళు తిమ్మిరెక్కి నేల మీద చతికిలబడ్డాడు. ఆ ఇంట్లో ఆయన నేల మీద పడటం కొత్త కాదు. పెట్టె మాత్రం కుర్చీలో కూర్చుంది.

"ఇప్పుడు స్టాండు పెట్టి మార్చాలేమో" అన్నాడు టైలరు, మార్చమంటారేమోనన్న భయంతో.

"ఈ పూటకి ఎవరూ దేన్నీ మార్చరు" అంది ఆవిడ. ఆ ఇంటి చరిత్రలో ఆ వాక్యం వినబడటం అదే మొదటిసారి.

ఆ పూట మర్నాడయ్యింది. గుడ్డ తీయగానే ఈగలు కుర్చీ చుట్టూ తిరిగి చూసుకుని పనికి పోయాయి, పనినుంచి కుర్చీకే వచ్చాయి. స్టాండు కింది గిన్నెలు తెచ్చి కుర్చీ నాలుగు కాళ్ళ కిందా పెట్టారు. పసుపు ముద్దలతో ఈగలు నీలం గుడ్డ మీదుగా లోపలికి పోతుంటే, టీ గ్లాసు మచ్చ మీద ఒక్కొక్కటి ఆగి ఊపిరి తీసుకునేది. సార్టరుగారు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని చూసేవాడు.

"సింహాసనం ఇచ్చేశారుగా" అన్నాడు టైలరు. "ఇప్పటికైనా రాణి కనిపించిందా?"

"గుడ్లు కనిపించాయి. అంటే ఉన్నట్టే అనుకుంటున్నాను. పెట్టెలాయన ఉండొచ్చు అన్నాడు."

గోడ దగ్గర ఎండ మాత్రం అలాగే ఉంది. ఒక సాయంత్రం ఆవిడ సుద్దముక్క తెచ్చి కుర్చీ కాళ్ళ దగ్గర్నుంచి నిమ్మచెట్టు దాకా నేల మీద గీత గీసింది. "అడుగు జరపొచ్చన్నాడు కదా ఆయన. రోజుకో అడుగు" అంది. ఆవిడ కళ్ళు షోరూము దీపాల్లా ఉన్నాయి. జన్మలో మొదటిసారి ఆవిడకి రోజూ జరపాల్సిన వస్తువు దొరికింది, జరపడం వల్ల ఎవరూ పడని వస్తువు. చీకటి పడి ఈగలన్నీ లోపలికి చేరాక, కుర్చీకి ఆవిడ ఒక చెయ్యి, ఆయన ఒక చెయ్యి పట్టుకుని, గిన్నెలు తీసి, కింద దుప్పటి వేసి అడుగు లాగేవాళ్ళు. మర్నాడు ఈగలు గాల్లో ఒక్క క్షణం తటపటాయించి, సరేలే అన్నట్టు లోపలికి పోయేవి. గీత చెరుగుతూ చెరుగుతూ కుర్చీ నీడలోకి చేరింది. గడ్డం మళ్ళీ వేలాడలేదు.

కుర్చీ ఈగలపాలయ్యింది కాబట్టి ఆవిడ షాపు నుంచి ఆయనకి ఇంకో కుర్చీ తెచ్చింది, ఇదీ నీలమే. ఆయన్ని హాల్లో నిలబెట్టి, "దీన్ని ఎక్కడ పెట్టనో మీరే చెప్పండి" అంది. ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న కావడంతో ఆయన హాలంతా ఒక చుట్టు చుట్టొచ్చాడు. కిటికీ పక్కన అన్నాడు. ఆ కుర్చీ కిటికీ పక్కనే ఉంది. ఎన్నాళ్ళున్నా అక్కడే ఉంది. ఆయనకి నమ్మకం కుదిరింది. చూడకుండా కూర్చోవడం మళ్ళీ మొదలెట్టాడు.

ఒక సాయంత్రం ఈగలన్నీ లోపలికి పోయాయని చూసుకుని, చేతులు కడుక్కుని, హాల్లోకొచ్చి, కళ్ళు మూసుకుని కూలబడ్డాడు. సగం మనిషి కుర్చీలో పడ్డాడు, సగం మనిషి గాల్లో పడ్డాడు, ఆ తర్వాత మొత్తం మనిషి నేల మీద పడ్డాడు.

ఆవిడ వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చింది. "ఒక్క అడుగే కదండీ జరిపాను. కిటికీలోంచి జల్లు పడుతోందని. ఈగలకి సరిపోయిందని మీకూ సరిపోతుందనుకున్నాను."

ఆయన కిందనుంచి కుర్చీని చూశాడు, కిటికీని చూశాడు, మధ్యలో ఉన్న అడుగుని చూశాడు. ఈగ పట్టే అడుగులో మనిషి ఎందుకు పట్టడో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. ఆవిడ మామూలుగా చెయ్యి అందించింది. అందించి, లేపకముందే ఆగింది.

"అయితే నాలుగు మైళ్ళు జరపమంటారా?" అని అడిగింది.

"పెట్టెలాయన్ని అడగాలి" అన్నాడు ఆయన, ఆ చెయ్యి పట్టుకుని.